ఎస్‌ఎస్‌డీ నాడి చూచుట

ఊరగాయ జాడీకి వాసెన గట్టి గూటిలో నుంచిన పిదప దానిని సంవత్సరాంతము వఱకు మఱచి యూరకుండు గృహిణిని మేము చూడలేదు. నెల కొకసారి యైనను మూత తీసి, నూనె పైకి దేలియున్నదా, అంచున బూజు పట్టినదా యని చూచి, తడి లేని గరిటెతో నొకమారు కలిపి మరల వాసెన గట్టుదుము. బియ్యమునకు, పప్పునకు, చింతపండునకు జేయు నీపాటి విచారణను, మన యిండ్లలో నిప్పుడు పెండ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల నకళ్లు దాచియున్న ఎస్‌ఎస్‌డీకి మాత్ర మెవ్వరును జేయుట లేదు. మేమును జేయలేదు. చేయకపోవుటవలన మాకు గలిగిన నష్టమును జెప్పి, చేయు విధ మెట్టిదో యీ నెల వ్రాయుచున్నాము. కుంకుమ తయారుచేయుటను గుఱించి వ్రాయుదుమని గత మాసమున మాట యిచ్చియుంటిమి. అది వచ్చు నెలకు నిలిపినందులకు పాఠకురాండ్రు క్షమింతురు గాక.

మాకు మా నాన్నగారే గురువులు. బడిలో మేము చదివినది స్వల్పము. అమరము, రఘువంశము, భాగవతము అన్నియు వారి యొద్దనే, యింటి వసారాలో, మధ్యాహ్నపు వేళల జదువుకొంటిమి. 2019వ సంవత్సరపు శీతకాలమున, వారి కంఠము గట్టిగా నుండగనే దానిని భద్రపఱుపవలెనని తోచి, వారు భాగవత పద్యములు చదివి యర్థము చెప్పుచుండగా మా ఫోనులో రికార్డు చేసితిమి. మొత్తము 41 భాగములు. మఱుసటి యేడు వారు స్వర్గస్థులైరి. 2021లో మా అన్నగారు ఆ రికార్డుల నన్నిటిని ఒక ఎస్‌ఎస్‌డీలో వేసి, దాని నరచేతి కిముడు నల్లని డబ్బాలో నమర్చి మా కిచ్చిరి. అది క్రొత్తది కాదు. పెండ్లి వీడియోలు కూర్చు పనిలో అన్నగారు దానిని నాలుగైదేండ్లు రాత్రింబవళ్లు వాడి, పెద్దది కొనుక్కొన్న పిదప దీనికి డబ్బా తొడిగి మాకు బంపిరి. అరిగిన వస్తువు సంగతి మేమప్పు డెఱుగము. ఫోనులో చోటు చాలక యందలి మూలమును తుడిచివేసితిమి. డబ్బాను పట్టుగుడ్డలో జుట్టి, నాన్నగారి పంచపాత్ర, ఉద్ధరిణి ప్రక్కన బీరువాలో నుంచి తాళము వేసితిమి. విలువగల వస్తువునకు బీరువాకంటె, తాళముకంటె మించిన భద్రత యేమున్నదని మన మందఱము అనుకొనునదే మేమును అనుకొంటిమి.

ఆ బీరువా మా యింట పడమటి గోడ నానుకొని యున్నది. మూడు వేసవులు గడచినవి.

2024లో నాన్నగారి తిథినాడు, అన్నగారి యింట నాబ్దికము ముగిసిన పిదప మా యూరు వచ్చి, రాత్రి పిల్లలకు తాతగారి కంఠము వినిపింతమని డబ్బా తీసి మా వారి ల్యాప్‌టాప్‌నకు దగిలించితిమి. మొదటి భాగములు చక్కగా వినబడినవి. 17వ భాగము తెఱవబోగా తెర కొంతసేపు బిగుసుకొనిపోయి, 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అని చూపినది. 30వ భాగము నట్లే. మిగిలిన 39 పలికినవి. మేము డబ్బా నూడదీసి, తుడిచి, మరల దగిలించితిమి. దులిపి కూడ చూచితిమి, నవ్వకుడు. ఫలము లేకపోయెను.

మా మరిదిగారి కుమారుడు విజయవాడలో ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చియుండెను. వాడు వచ్చి మొదట చేసిన పని, పలికిన 39 భాగములను వెంటనే ల్యాప్‌టాప్‌లోనికి నకలు చేయుట. అది ముగిసిన తరువాత గాని మాతో మాటాడలేదు.

"పెద్దమ్మా, దీని ఆరోగ్యం ఎప్పుడైనా చూశావా?"

"డబ్బాకు ఆరోగ్యమేమిటిరా?"

"అది తన లెక్కంతా తానే రాసుకుంటుంది. అడిగితే చెబుతుంది. ఎవరూ అడగలేదు, అంతే."

ఆ మాట మాకు బాణమువలె దగిలినది. వాని యొద్ద కూర్చుండి, ఆ రాత్రియు మఱునాడును మేము నేర్చుకొన్నదే యీ క్రింద వ్రాయుచున్నాము.

మొదట ఎస్‌ఎస్‌డీ యనగా నేమియో కొంచెము చెప్పవలయును. పాత హార్డ్ డిస్కులో అద్దమువలె మెఱయు పళ్లెములు గిరగిర దిరుగుచుండును. చెడిపోవుటకు ముందు టకటకమని చప్పుడు చేసి హెచ్చరించుటయు గలదు. ఎస్‌ఎస్‌డీలో తిరుగున దేదియు లేదు గనుక చప్పుడును లేదు. అందు కోట్లకొలది సూక్ష్మమైన గదు లున్నవి. ఒక్కొక్క గదిలో నెలక్ట్రానులను బంధించి, అవి యెంతమాత్ర మున్నవో దానినిబట్టి వ్రాసిన దేమో పోల్చుకొనును. కరెంటు లేకున్నను ఆ యెలక్ట్రానులు గదిలో నిలిచియుండుటయే యీ విద్యలోని గొప్పతనము. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా గారు 1980వ దశకమున దీనిని గనిపెట్టిరి. నేటి ఎస్‌ఎస్‌డీలలో వాడు నాండ్ అను రకమును 1987లో వెల్లడించిరి.

పలకకును దీనికిని పోలికయు గలదు, భేదమును గలదు. పలకమీద నొక యక్షరము తప్పు పోయిన దానినే వ్రేలితో దుడిచి దిద్దుకొందుము. ఎస్‌ఎస్‌డీ యట్లు చేయజాలదు. అనేక పుటలు గల యొక భాగము నంతయు నొక్కసారిగా దుడిచినగాని యచ్చట మరల వ్రాయజాలదు. తుడిచిన ప్రతిసారియు గది గోడ కొంచె మరుగును. నేడు తఱచుగా దొరకు రకములో ఒక్కొక్క గది సుమారు 1,000 మొదలు 3,000 సారులు తుడుపున కోర్చుకొనును. ఒక్కచోటనే యరుగకుండ, లోపలి కంట్రోలరు అను చిన్న చిప్పు, ఉమ్మడి సంసారమున అత్తగారు కోడండ్రకు వంతులు వేసినట్లు, వ్రాత పనిని గదుల కన్నిటికి బంచును. చెడిన గదులకు బదులుగా వాడుటకు గొన్నిటిని మొదటినుండియు వేఱుగ దాచియుంచును. ఎంత అరిగినది, బదులు గదు లెన్ని మిగిలినవి, ఎంత వేడెక్కినది, ఎన్ని గంటలు పనిచేసినది, చదువలేకపోయిన దెన్ని సారులు, ఇవి యన్నియు వ్రాసికొనును. ఈ లెక్కకు స్మార్ట్ అని పేరు.

ఈ లెక్కను బొమ్మలతో రంగులతో చూపు ప్రోగ్రాములును గలవు. అవి 'బాగున్నది' యని పచ్చరంగు చూపి యూరకుండుట తఱచు. టెర్మినల్ అను నల్లని కిటికీలో అక్షరములు టైపు చేసి యడిగినచో లెక్క అంతయు బయటబెట్టును. కావున మేము రెండవ మార్గమునే చెప్పుచున్నాము. మా వారి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అను లినక్సు గలదు. బడిపంతులు జీతముతో మూడేండ్లకొక క్రొత్త యంత్రము కొనుట సాధ్యము కాదు గనుక, పాతదానికి దేలికగా నుండునని దానిని వేయించుకొనిరి. విండోసు గలవారికిని ఇదే ప్రోగ్రాము దొరకును. వారు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరు హోదాలో దెఱచి, మేము చెప్పు మాటలలో మొదటిదగు 'సుడో'ను వదలివేయవలయును.

ప్రోగ్రాము పేరు స్మార్ట్‌మోన్‌టూల్స్. బ్రూస్ ఆలెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 2002లో దీనిని మొదలుపెట్టెను. వెల లేదు. టెర్మినల్ దెఱచి

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్మార్ట్‌మోన్‌టూల్స్

అని టైపు చేసి ఎంటరు నొక్కిన దానంతట నది దిగును. మేమిచ్చట తెలుగున వ్రాసితిమి గాని యంత్రమునకు ఇంగ్లీషు చిన్న యక్షరములే కావలయును. పెద్దక్షరము పడినచో వేఱర్థము చేసికొనును. హ్రస్వ దీర్ఘములయెడ మా నాన్నగారెంత పట్టుదలగా నుండిరో యిదియు నంతే. సుడో యన్నపుడు పాస్‌వర్డు అడుగును. మేము టైపు చేయుచుండగా తెరమీద చుక్క యైనను గనబడకపోయెను. కీబోర్డు చెడినదనుకొని మూడుసారులు మొదటికి వచ్చితిమి. అది రహస్యము దాచుటకే యట్లు చేయునట.

పిమ్మట యింటిలో నే యే డిస్కు లున్నవో చూచుటకు

సుడో స్మార్ట్‌సీటీఎల్ --స్కాన్

అని యడుగవలయును. స్మార్ట్ అను మాట వెంటనే, ఎడము లేకుండ, సి, టి, ఎల్ అను మూడక్షరములు చేర్చి, ఎడమిచ్చి రెండడ్డుగీతలు, వానికంటుకొని స్కాన్. పేర్లు వరుసగా వచ్చును. మా ల్యాప్‌టాప్‌లోని దాని పేరు /డెవ్/ఎన్‌వీఎమ్‌ఈ0 అని వచ్చినది. అప్పుడు

సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఎ /డెవ్/ఎన్‌వీఎమ్‌ఈ0

అనిన లెక్క అంతయు తెరమీదికి వచ్చును. ఈ మాట చదువుటకే గాని వ్రాయుటకు, చెఱుపుటకు గాదు. భయపడ నక్కఱలేదు. కాని యిదే కిటికీలో నుండి డిస్కును సమూలముగా దుడిచివేయు మాటలును గలవు. ఎన్‌వీఎమ్‌ఈ ఫార్మాట్ అనునది యట్టిది. ఎవరో చెప్పిరని అర్థము తెలియని మాట నెన్నడును టైపు చేయకుడు.

ఇక చదువు విధము. మొదట మా వారి ల్యాప్‌టాప్ లెక్కనే చూచితిమి. అందు మా యింటి గుట్టు కొంత బయటపడినది. క్రిటికల్ వార్నింగ్ అనుచోట సున్నలే యుండవలయును, ఉండినవి. అవైలబుల్ స్పేర్ అనగా దాచిన బదులు గదులలో మిగిలిన వంతు. అది 100 శాతము. దాని క్రిందనే థ్రెషోల్డ్ 10 శాతము అని యుండెను. మిగిలినది ఆ గీత కంటె దిగువకు జారినచో డిస్కు తానే కేక వేయును. పర్సెంటేజ్ యూస్డ్ అనగా తయారుచేసినవారు లెక్కగట్టిన యాయువులో గడచిన భాగము. అది 6. ఈ సంఖ్య 100 దాటవచ్చును. దాటినంతనే డిస్కు చచ్చిపోదు. పూచీపడిన యాయువు తీరినదని మాత్రమే యర్థము.

ఎర్రర్ ఇన్ఫర్మేషన్ లాగ్ ఎంట్రీస్ అనుచోట 800 పైచిలుకు చూచి మా గుండె జల్లుమనెను. అది చాలమట్టునకు నిరపాయమైనదని పిల్లవాడు చెప్పెను. డిస్కునకు దెలియని ప్రశ్న నెవరైన వేసినను, 'నాకు దెలియదు' అన్న జవాబు నచ్చట లెక్కించుకొనునట. చూడవలసినది దాని పైనున్న పంక్తి: మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్. వ్రాసినదానిని తిరిగి చదువబోగా సరిగా రాని పర్యాయముల లెక్క యది. అచ్చట సున్న యుండెను. సంతోషించితిమి.

అయితే అన్‌సేఫ్ షట్‌డౌన్స్ అనుచోట 407! యంత్రము వెలిగించిన పర్యాయములు మొత్తము 1,912. అనగా నైదింట నొకసారి యది చెప్పకుండ, సెలవు తీసికొనకుండ, కన్ను మూసినదన్నమాట. కారణము మాకు దెలియనిది గాదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి రెండేండ్లైనది. కరెంటు పోయిన ప్రతిసారియు తెర నల్లబడును. "ఇంకా పనిచేయుచున్నది గదా" యని మా వారు, "వచ్చు నెల" యని మేము, దాని నట్లే నెట్టుకొని వచ్చితిమి. వ్రాయుచుండగా కరెంటు పోయిన, అప్పుడు వ్రాయుచున్నదే గాక ప్రక్కనున్న పాత వ్రాతయు గొన్ని డిస్కులలో జెడవచ్చునట. పెద్ద కంపెనీల యంత్రములకు బెట్టు ఖరీదైన ఎస్‌ఎస్‌డీలలో ఆ క్షణమును దాటించు కెపాసిటర్లుండును. మన యిండ్లకు వచ్చువానిలో తఱచుగా నుండవు. ఆ వారమే బ్యాటరీ మార్పించితిమి. మేము దాచుకొన్న పట్టుచీర సొమ్ము దానికి బోయినది. ఆ సంగతి యిచ్చట వ్రాయుట మా వారికి దెలిసియే వ్రాయుచున్నాము.

'వ్రాసిన కొలది యరుగును గదా, అయిన ఫొటోలు వేయుటకే భయపడవలెనా?' యని యొక సోదరి యడుగవచ్చును. అక్కఱలేదు. ఒక టెరాబైటు గల సాధారణపు ఎస్‌ఎస్‌డీకి 600 టెరాబైట్లు వ్రాయువఱకు పూచీపడుట కలదు. ఒక గృహమున దినమునకు 10 గిగాబైట్లు వ్రాసినను సంవత్సరమునకు నాలుగు టెరాబైట్లు గాదు. నూటయేబది యేండ్లు పట్టును. మన యిండ్లలో డిస్కులు వ్రాతవలన నరిగి చచ్చుట యరుదు. వేడివలన, కరెంటు పోవుటవలన, కంట్రోలరు చెడుటవలన, వట్టి వయస్సువలన చచ్చును. గూగుల్ సంస్థ యంత్రశాలలలోని డిస్కుల నాఱేండ్లపాటు చూచి, టొరంటో విశ్వవిద్యాలయపు బియాంకా ష్రోడర్ గారును ఆ సంస్థవారును 2016లో నొక పరిశోధన ప్రకటించిరి. వ్రాత తక్కువయైనను వయస్సు మీఱిన కొలది చెడుగు పెరుగుననియు, నాలుగేండ్లలో నూటి కిరువదికి మించిన డిస్కులలో తిరిగిరాని తప్పులు పుట్టినవనియు వారు తేల్చిరి. తిరుగు పళ్లెముల డిస్కులకంటె వీనిని మార్చవలసి వచ్చుట తక్కువయే గాని, యిట్టి తప్పులు మాత్రము వీనిలో నెక్కువ యనియు జెప్పిరి. అనగా డిస్కు బ్రదికియే యుండును. దానిలో నొక ఫొటో, యొక పాట లేకపోవును. మాకు జరిగినది సరిగా నిదియే.

ఇక ఆ నల్లని డబ్బా. దానిని తగిలించి యడుగగా లెక్క చెప్పలేదు. తెలియని యూఎస్‌బీ బ్రిడ్జి యని యేమో గొణిగినది. డబ్బాలో నొక చిన్న చిప్పు కంప్యూటరునకును డిస్కునకును నడుమ దుబాసీ పని చేయుచుండును. మామూలు మాటలను తర్జుమా చేయునే గాని యారోగ్యపు ప్రశ్నను మ్రింగివేయును. దుబాసీ యే జాతివాడో మనము చెప్పవలయును. పిల్లవాడు -ఎ తరువాత -డి అని వేసి, దాని వెంట ఎస్‌ఎన్‌టీఏఎస్‌మీడియా అను మాట చేర్చి, పిదప డబ్బా పేరగు /డెవ్/ఎస్‌డీఎ టైపు చేసెను. అప్పుడు చెప్పినది. డబ్బాలోని చిప్పు వేఱైనచో ఎస్‌ఎన్‌టీరియల్‌టెక్ అనియో, ఎస్‌ఎన్‌టీజేమైక్రాన్ అనియో వేయవలసి యుండును. పాతకాలపు సాటా రకమునకు సాట్ అని. ఆ సాటా రకమునకు లెక్క కూడ వేఱు రూపమున, నిలువు గడులతో వచ్చును. అందు వాల్యూ అను గడిలోని సంఖ్య తఱచుగా నూటినుండి క్రిందికి దిగుచుండుననియు, రా వాల్యూ అను గడిలో అసలు లెక్క యుండుననియు గుర్తుంచుకొనిన జాలును.

డబ్బా చెప్పిన లెక్క యిది. పర్సెంటేజ్ యూస్డ్ 93. స్పేర్ 98. తప్పిన చదువుల లెక్క 22. ఇంత చెప్పియు, పైన, ఆరోగ్య ఫలిత మనుచోట, పెద్దక్షరములతో 'పాస్డ్' అని!

మేము తెల్లబోయితిమి. రెండు భాగములు పోగొట్టిన డిస్కు పాసగుట యెట్లు? ఈ రకపు ఎస్‌ఎస్‌డీలకు పాసో ఫెయిలో చెప్పునపుడు ఆ ప్రోగ్రాము మొదట జెప్పిన క్రిటికల్ వార్నింగ్ నొక్కదానినే చూచును. అచ్చట సున్నలున్న పాస్. తప్పిన చదువులు 22 గాదు, 2,200 ఉన్నను ఆ లెక్కను బట్టి ఫెయిలు చేయదు. ఇది విని మా వారు నవ్వి, "ముప్పదియైదు మార్కులవాడును పాసే గదా" యనిరి. కావున, సోదరులారా, సోదరీమణులారా, ఆ పెద్దక్షరముల మాట జూచి తృప్తిపడి కిటికీ మూయకుడు. ఫెయిలని వచ్చిన తప్పక నమ్ముడు. పాసని వచ్చిన క్రిందికి దిగి చదువుడు.

మఱి బీరువా చేసిన అపకార మేమి? జెడెక్ అను ప్రమాణ సంస్థ నియమము ప్రకారము, ఇంటివాడుక ఎస్‌ఎస్‌డీ తన పూచీ యాయువు నంతయు వాడుకొన్న పిదప, కరెంటు లేకుండ 30 డిగ్రీల వేడిలో నుంచిన, నొక సంవత్సరము వఱకు వ్రాత నిలుపవలయును. క్రొత్తదైన నంతకంటె మిక్కిలి యెక్కువ కాలము నిలుపును. కాని గోడలు అరిగిన గదులలోని యెలక్ట్రానులు మెల్లమెల్లగా గారిపోవును. వేడి యెక్కువైన కొలది త్వరగా గారును. మాది 93 వంతు లరిగినది. అది పడమటి గోడనున్న యినుప బీరువాలో, మన కోస్తా వేసవులలో, మూడేండ్లు. "బీరువావల్లనే పోయిందా?" యని యడుగగా పిల్లవాడు, "అట్లా తేల్చి చెప్పలేం పెద్దమ్మా. మొదటే ఆ గదుల్లో లోపం ఉండవచ్చు. కానీ ఏడాదికొక్కసారి అడిగినా ముందే తెలిసేది" యనెను.

పోతనగారి భాగవతమునకు నిట్టి యాపదయే వచ్చినదనియు, నేలలో బాతిపెట్టగా గొంత భాగము శిథిలమయ్యెననియు, ఆ లోపమును తరువాతివారు పూరించిరనియు నొక కథ గలదు. ఆ కథను నాన్నగారు చెప్పినది 2వ భాగమున. అది పదిలముగానే యున్నది.

ఇప్పుడు మేము చేయుచున్న దేమనగా: పాల లెక్క పుస్తకము చివరి పుటలో గళ్లు గీసి, ప్రతి పౌర్ణమికి నాలుగు సంఖ్యలు వ్రాయుచున్నాము. అరుగుదల, మిగిలిన బదులు గదులు, తప్పిన చదువులు, చెప్పకుండ ఆరిన పర్యాయములు. ఒకనాటి సంఖ్యకంటె, గత నెలకును ఈ నెలకును గల భేదమే యెక్కువ చెప్పును. తప్పిన చదువుల గడిలో సున్న పోయి ఒకటి వచ్చిన దినమున, ఆ డిస్కునం దున్నదంతయు వేఱొకచోటికి నకలు చేయక వంటకు లేవరాదని నియమము పెట్టుకొంటిమి. నాన్నగారి భాగములు ఇప్పుడు మూడుచోట్ల నున్నవి: ల్యాప్‌టాప్‌లో, తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కొకదానిలో, హైదరాబాదున మా చెల్లెలి యింట. ఏ హెచ్చరికయు లేకుండ నొక్కసారిగా చచ్చు ఎస్‌ఎస్‌డీలును గలవు గనుక, నాడి చూచుట నకలునకు బదులు గాదు. మా అమ్మగారి పుట్టింట తాళపత్రములను ఏటేట బయటికి దీసి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె రాచి, నీడ నారబెట్టి లోన బెట్టెడివారు. మేమును ఆఱు నెలలకొకసారి దాచిన డిస్కులను దీసి తగిలించి, ఊరక తగిలించుట గాక, అందలి ఫైళ్ల నన్నిటిని మొదటినుండి చివరివఱకు యంత్రముచే జదివించుచున్నాము. చదివినగాని చెడినది తెలియదు.

పోయిన రెండు భాగముల సంగతి. డీడీరెస్క్యూ అను మఱియొక టెర్మినల్ ప్రోగ్రాము గలదు. అది చెడినచోట తల బాదుకొనక, మొదట మంచి భాగముల నన్నిటిని గ్రహించి, పిదప చెడినచోటికి మరల మరల వచ్చి గీకును. పిల్లవాడు దానిని రాత్రి యంతయు నడిపించెను. తెల్లవాఱుసరికి 30వ భాగము, నడుమ నొకటి రెండు చోట్ల కంఠము తెగినను, వచ్చినది. 17వది రాలేదు. ఫైలు మొదలే పోయినందున మిగిలిన ముక్కలు పలుకలేదు.

అందలి పద్యము లేవియో మా కెఱుకయే. అర్థమును మేము చెప్పగలము. కాని యా దినము నాన్నగారు పద్యము నడుమ నాపి, లోపలికి దిరిగి, "ఏమేవ్, కాస్త మజ్జిగ" యని పిలిచిరి. అమ్మగారు లోపలినుండి, "వస్తున్నా, ఆ పద్యం కానివ్వండి" యనిరి. ఆ చప్పుడంతయు రికార్డులో బడినది. తీసివేయుమని నాన్నగారు చెప్పినను మేము తీసివేయలేదు.

మొన్న అమ్మగారు మా యింటికి వచ్చినపుడు, ఆ దినము వారు మజ్జిగ యడిగినట్లు జ్ఞాపకమున్నదా యని యడిగితిమి.

"రోజూ అడిగేవారే" అని, వత్తులు చేసికొనుచు ఊరకుండిరి.